ఆటగాడు ఎవరి సొత్తు?

ఆటగాణ్ణి కొనడం, వదిలేయడం, మరో జట్టుతో మార్చుకోవడం ధర్మమేనా అన్న ప్రశ్న ఐపీఎల్ వేలంతో తెలుగు పల్లెల్లోకి వచ్చింది. ఇటీవలి వేలాలు కార్తీక, మార్గశిర మాసాల్లో, డెల్టాలో సార్వా కోతలూ నూర్పిళ్లూ సాగే రోజుల్లో జరుగుతున్నాయి. 2023లో డిసెంబరు 19న దుబాయ్‌లో, 2024లో నవంబరు 24, 25 తేదీల్లో జెడ్డాలో జరిగాయి. గణపవరం, నిడమర్రు, తాడేపల్లిగూడెం వైపు టీ కొట్ల దగ్గరా, చేపల చెరువుల గట్ల మీదా ఆ రోజుల్లో ఆట లేకపోయినా ఆట గురించిన వాదన ఆగదు. ఎవరిని ఉంచుకున్నారు, ఎవరిని వదిలేశారు, పర్సులో ఎంత మిగిలింది, పాట ఎక్కడిదాకా వెళ్లింది అన్నవే మాటలు. పైకి వినిపించేవి ఈ లెక్కలే. వాటి అడుగున మూడు పాత ప్రశ్నలున్నాయి. మనిషికి వెల కట్టవచ్చా? వెల ఇచ్చినవాడికి ఆ మనిషి మీద ఎంత హక్కు వస్తుంది? ఆటగాళ్లంతా మారిపోయాక కూడా ‘మన జట్టు’ అంటున్నది దేన్ని?

తొలి వేలం 2008 ఫిబ్రవరి 20న ముంబయిలో జరిగింది. మహేంద్రసింగ్ ధోనిని చెన్నై 15 లక్షల డాలర్లకు తీసుకుంది. హైదరాబాద్ జట్టు డెక్కన్ ఛార్జర్స్ ఆండ్రూ సైమండ్స్‌కు 13.5 లక్షల డాలర్లు, ఆడం గిల్‌క్రిస్ట్‌కు 7 లక్షల డాలర్లు పెట్టింది. పేరు చదివి, పాట పెంచి, సుత్తి కొట్టి మనిషి ధర ఖాయం చేయడం చూస్తే మనసు చివుక్కుమనడం సహజం. ఆ బాధను చాదస్తమని తోసెయ్యకూడదు. బానిస సంతలు నిజంగా నడిచిన లోకం ఇది.

అయితే ఇక్కడ అమ్ముడయ్యేది ఏమిటో ముందు తేల్చుకోవాలి. కొల్లేటి చుట్టుపక్కల పంచాయతీ చెరువుకు పాట పెడితే, పాడుకున్నవాడికి దక్కేది గడువు తీరేదాకా చేపలు పట్టుకునే హక్కు. చెరువు ఊరిదే. ఆటగాడి విషయంలోనూ జట్టుకు దక్కేది కొన్ని సీజన్ల ఆట మాత్రమే. ఇంతకన్నా ముఖ్యమైన తేడా మరొకటి ఉంది. వేలంలో పలికిన సొమ్ము జీతంగా ఆటగాడికే చేరుతుంది. 2024లో లక్నో జట్టు రిషభ్ పంత్‌కు పాడిన 27 కోట్లు పంత్ జీతమే. హరిశ్చంద్రుడు కాశీలో చంద్రమతిని అమ్మి, తానూ అమ్ముడుపోయినప్పుడు ఆ సొమ్ము విశ్వామిత్రుడి బాకీకి జమయింది. అమ్ముడుపోయినవారికి మిగిలింది దాస్యం. సొమ్ము ఎవరి చేతికి పోతుందో చూస్తే అమ్మకం ఏదో, జీతానికి కుదరడం ఏదో తెలిసిపోతుంది. ఆటగాణ్ణి వదులుకున్నందుకు అతని జట్టుకే డబ్బు ముట్టే ట్రేడ్‌లలో మాత్రం ఈ గీత పలచబడుతుంది. 2023 నవంబరులో హార్దిక్ పాండ్యా గుజరాత్ నుంచి ముంబయికి వెళ్లింది అలాంటి నగదు ఒప్పందం మీదే.

ఈ విషయాన్ని భారతీయ దర్శనాల్లో అన్నిటికన్నా సూటిగా విచారించింది మీమాంస. విశ్వజిత్ యాగంలో యజమాని తన సర్వస్వాన్నీ ఇచ్చేయాలి. మరి తండ్రీ తల్లీ కూడా తనవారే కదా, వాళ్లనూ ఇచ్చేయాలా? జైమిని సూత్రాల ఆరో అధ్యాయం ఏడో పాదం ఈ సందేహంతో మొదలవుతుంది. తన అధికారం దేనిమీద చెల్లుతుందో దాన్నే మనిషి ఇవ్వగలడని, బంధం వల్ల తనవారైనవాళ్లు తన సొత్తు కారని అక్కడ తేల్చారు. అదే పాదంలో భూమిని ఇవ్వకూడదన్నారు. సేవ చేస్తే ధర్మం దక్కుతుందని దగ్గరకు వచ్చిన శూద్ర సేవకుణ్ణి కూడా ఇవ్వకూడదన్నారు. అతడు ఒకరి దగ్గరకు తనంత తాను వచ్చాడు, ఇంకొకరి దగ్గరకు వెళ్లడం అతనికి ఇష్టం కాకపోవచ్చు. యాగం పేరు చెప్పి కూడా ఇవ్వడానికి వీల్లేని మనిషిని లాభం పేరు చెప్పి ఇచ్చే అధికారం ఏ యాజమాన్యానికీ ఉండదు. ఈ ఒక్క నిర్ణయం వేలం వాదనల్లో సగాన్ని తేల్చేస్తుంది.

శాస్త్రం అలా చెప్పినా లోకం అలా నడవలేదు. డెల్టా పల్లెల్లో ముందుగా అప్పు తీసుకుని ఏడాదికి కుదిరిన పాలేరు, ఆ అప్పు తీరక అదే కమతంలో ఉండిపోవడం పెద్దవాళ్లు కళ్లారా చూసిన సంగతి. మనుషుల క్రయవిక్రయాలనూ వెట్టినీ రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించింది. వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం 1976లో వచ్చింది. కాబట్టి ‘కొన్నాం’, ‘అమ్మేశాం’ అన్న మాటలు ఈ నేల మీద తేలికైనవి కావు. కోట్లు అందుకునే క్రికెటర్ గురించి అన్నప్పుడు కూడా వాటి బరువు తెలిసి వాడటం మంచిది.

సభాపర్వంలో ద్రౌపది నిలదీసింది కూడా యాజమాన్యం గురించే. ధర్మరాజు ముందు తనను ఓడాడా, ఆమెను ఓడాడా? తానే పరాధీనుడైనవాడికి మరొకరిని పందెం ఒడ్డే హక్కు ఎక్కడిది? భీష్ముడు ధర్మం సూక్ష్మమైనదని చెప్పి తేల్చలేకపోయాడు. కౌరవుల్లోంచే వికర్ణుడు లేచి ఆమెను గెలిచినట్టు కాదన్నాడు. సభలో అంతమంది పెద్దలు హక్కు గురించి తర్కించారు గానీ, పందేనికి ముందు ఆమెను అడిగారా అన్న మాట ఎవరి నోటా రాలేదు. ఆ ఒక్క మాట లేకపోవడంలోనే ఆ సభ చేసిన పాపమంతా ఉంది.

అమెరికా బేస్‌బాల్‌లో ఇదే మాటను ఒక ఆటగాడు తన జీవితం పణంగా పెట్టి అడిగాడు. అక్కడ ఆటగాడి కాంట్రాక్టు ముగిసినా దాన్ని జట్టు తనంతట తాను పొడిగించుకోవచ్చన్న నిబంధన ఉండేది. జట్లు దాన్ని జీవితకాలపు హక్కుగా వాడుకున్నాయి. సెయింట్ లూయిస్ కార్డినల్స్‌కు పన్నెండు సీజన్లు ఆడిన కర్ట్ ఫ్లడ్‌ను 1969 అక్టోబరులో ఫిలడెల్ఫియాకు మార్చేశారు. నల్లజాతికి చెందిన ఫ్లడ్ ఆ డిసెంబరులో కమిషనర్ బోవీ కూన్‌కు లేఖ రాశాడు. తన ఇష్టంతో పనిలేకుండా కొని అమ్మదగ్గ వస్తువును కానని అందులో చెప్పుకున్నాడు. అప్పటికి అతని జీతం ఏడాదికి 90,000 డాలర్లు, ఆ రోజుల్లో చాలా పెద్ద మొత్తం. జీతం ఎంత పెద్దదైనా ఇష్టం లేని బదిలీ న్యాయమైపోదన్నదే అతని వాదన. 1972లో సుప్రీంకోర్టు 5–3తో అతనికి వ్యతిరేకంగా తీర్పిచ్చింది. అప్పటికే అతని ఆట జీవితం ముగిసిపోయింది. 1975 డిసెంబరులో మధ్యవర్తి పీటర్ సైట్జ్ మరో ఇద్దరు ఆటగాళ్ల వ్యవహారంలో ఆ పాత హక్కు చెల్లదని తేల్చాడు. నేడు అమెరికా అభిమానులు ప్రతి శీతాకాలం చర్చించుకునే స్వేచ్ఛా ఒప్పందాలకు దారి తెరిచింది ఆ నిర్ణయమే. దాని ఫలం ఫ్లడ్‌కు అందలేదు.

ఇక విశ్వాసం సంగతి. అభిమానుల వాదనలో ఎక్కువ వేడి పుట్టించేది ఇదే. 2016లో హైదరాబాద్ జట్టు సన్‌రైజర్స్‌కు కప్పు తెచ్చిన డేవిడ్ వార్నర్‌ను 2021 మే నెలలో, సీజన్ మధ్యలో, కెప్టెన్సీ నుంచి తప్పించారు. తర్వాత అతణ్ణి ఉంచుకోలేదు. తెలుగు పాటలకు కుటుంబంతో కలిసి చిందులేసి ఇంటివాడైపోయిన వార్నర్‌ను అలా పంపడం గోదావరి జిల్లాల కుర్రాళ్లు నేటికీ మరచిపోలేదు. ఇక్కడ జట్టే మనిషిని వదిలింది. మరోవైపు, జట్టు మారిన ఆటగాణ్ణి తిట్టడమూ ఉంది. హార్దిక్ ముంబయికి వెళ్లి రోహిత్ శర్మ స్థానంలో కెప్టెన్ అయ్యాక, 2024 సీజన్‌లో అహ్మదాబాద్‌లోనూ, సొంత మైదానం ముంబయిలోనూ జనం అతణ్ణి గేలి చేశారు. ఉప్పు తిన్న ఇంటికి ద్రోహం చేశాడన్నది గుజరాత్ అభిమానుల ఆరోపణ.

భారతంలో పక్షం మారే విషయంలో మూడు నమూనాలున్నాయి. కృష్ణుడు జన్మరహస్యం చెప్పి రమ్మన్నా, కుంతి వచ్చి వేడుకున్నా కర్ణుడు దుర్యోధనుణ్ణి వదల్లేదు. శల్యుడు పాండవుల వైపు బయలుదేరి, దారిలో మర్యాదలు చేసింది ఎవరో తెలియక మాట ఇచ్చి అవతలి పక్షంలో చిక్కుకున్నాడు. యుద్ధం మొదలవబోతుండగా ధర్మరాజు తమవైపు వచ్చేవారుంటే రమ్మని పిలిస్తే, ధృతరాష్ట్రుడి కొడుకు యుయుత్సుడు అందరూ చూస్తుండగా ఇవతలికి వచ్చాడు. కర్ణుడి విశ్వాసాన్ని కవులు పొగిడారు. యుయుత్సుణ్ణి కూడా భారతం ద్రోహిగా నిలబెట్టలేదు. యుద్ధం తర్వాత బతికి, హస్తినలో గౌరవంగా ఉన్నాడు. తనకు తెలిసి, దాపరికం లేకుండా, పోరు మొదలుకాకముందే పక్షం మారడాన్ని ఇతిహాసం దోషంగా లెక్కించలేదు. గడువు తీరాక జట్టు మారే ఆటగాడు చేసేది అదే. అతడు అమ్మింది ఆటను. ఆడినన్నాళ్లు మనసుపెట్టి ఆడితే ఆ బాకీ తీరినట్టే.

హైదరాబాద్ కుర్రాడు మహమ్మద్ సిరాజ్‌ను 2017లో సన్‌రైజర్స్ 2.6 కోట్లకు తీసుకుంది. మరుసటి ఏడాది బెంగళూరు అదే ధరకు తీసుకుంది. 2025 సీజన్‌కు గుజరాత్ 12.25 కోట్లు పెట్టింది. ఆ ఏప్రిల్ 6న ఉప్పల్‌లో, పుట్టిన ఊళ్లో, సిరాజ్ సన్‌రైజర్స్ మీద 17 పరుగులకు 4 వికెట్లు తీశాడు. సొంత ఊరి జట్టు మీద అంత కసిగా వేయాలా అనేవారున్నారు. వేయాలి. జీతమిచ్చిన జట్టుకు పూర్తి ఆట ఇవ్వడం అతని ధర్మం. ఓవర్ చివర ఒక్క బంతి మెత్తగా వేసి ఉంటే అదే ద్రోహమయ్యేది.

త్యాగానికీ ఈ చరిత్రలో చోటుంది. 2008లో డెక్కన్ ఛార్జర్స్‌లో వి.వి.ఎస్. లక్ష్మణ్ తనకు రావలసిన ఐకాన్ ఆటగాడి హోదా వదులుకున్నాడు. ఐకాన్‌కు జట్టులో అత్యధిక ధర పలికిన ఆటగాడికన్నా 15 శాతం ఎక్కువ ఇవ్వాలి. ఆ భారం లేకపోతే వేలంలో మంచి ఆటగాళ్లను తెచ్చుకోవచ్చన్నది అతని ఆలోచన. 2011 నాటికి ఆ జట్టులో అతనికి చోటు లేకపోయింది, కొచ్చికి ఆడాడు. ఎవరూ అడగకుండా ఇచ్చినదాన్ని ఎవరూ బాకీగా గుర్తుపెట్టుకోలేదు. అభిమానులైనా గుర్తుపెట్టుకోవాలి.

మిగిలింది జట్టు అంటే ఏమిటన్న ప్రశ్న. 2009లో దక్షిణాఫ్రికాలో బెంగళూరును ఓడించి డెక్కన్ ఛార్జర్స్ కప్పు గెలిచింది. 2012 సెప్టెంబరులో ఆ ఫ్రాంచైజీ రద్దయింది. ఆ అక్టోబరులో ఏడాదికి 85.05 కోట్ల చొప్పున సన్ టీవీ నెట్‌వర్క్ హైదరాబాద్ హక్కులు దక్కించుకుంది. పేరు, యజమాని, జెర్సీ మారాయి. హైదరాబాద్‌కు కప్పులు ఒకటా, రెండా అన్న తగువు ఇంకా నడుస్తూనే ఉంది. న్యాయ వైశేషికుల లెక్కలో వస్త్రంలోంచి ఒక దారం లాగేస్తే పాత వస్త్రం పోయి, మిగిలిన దారాలతో కొత్త వస్త్రం పుడుతుంది. ఆ లెక్కన ఒక్క ఆటగాడు మారినా జట్టు కొత్తదే. బౌద్ధులు ఇంకోలా చెప్పారు. ఈ సీమలోనే, కామవరపుకోట దగ్గర గుంటుపల్లి కొండగుహల్లో రెండువేల ఏళ్ల కిందట భిక్షువులు ధ్యానం చేసిన ఆనవాళ్లున్నాయి. ఆ సంప్రదాయంలో ‘మిలిందపన్హ’ గ్రంథంలో నాగసేనుడు, రాత్రంతా వెలిగే దీపంలో తొలిజాము జ్వాలా మలిజాము జ్వాలా ఒకటే కావు, వేరూ కావు అంటాడు. ఆ జ్వాలలన్నిటికీ ఆధారం ఒకే దీపం.

అలాంటప్పుడు జట్టుకు ఆధారం ఎవరు? యజమానులు మారారు, ఆటగాళ్లు మారారు. 2014లో రాష్ట్రం విడిపోయి హైదరాబాద్ వేరే రాష్ట్రంలోకి వెళ్లింది. గణపవరంలో నారింజ రంగు చొక్కా వేసుకునే కుర్రాడు మాత్రం మారలేదు. జట్టులో నిలకడగా ఉన్నది అతని అభిమానమే. రికార్డుల ప్రకారం కప్పు ఒకటే, అది సరైనదే. ఆ కుర్రాడు రెండు అని లెక్కపెట్టినా తప్పుకాదు. బ్రహ్మసూత్ర భాష్యం మొదట్లో శంకరులు, భార్యాపుత్రుల మంచిచెడ్డలను మనిషి తనవిగా తన మీద వేసుకుంటాడని, దాన్ని అధ్యాసమని అన్నారు. పైసా పెట్టకుండా ‘మనం కమిన్స్‌ని 20.50 కోట్లకు కొన్నాం’ అనే మాటలో ఉన్నది ఆ అధ్యాసమే. పక్కవాడి గెలుపును తన గెలుపుగా సంబరపడగలిగినంత వరకు అది మనిషిని పెద్ద చేస్తుంది. ‘మనం కొన్నాం కాబట్టి వాణ్ణి తిట్టే హక్కు మనది’ అన్నచోట చెడిపోతుంది. అక్కడ అభిమాని తనకు లేని యాజమాన్యాన్ని అంటగట్టుకుంటున్నాడు.

చివరికి అన్నీ అంగీకారం దగ్గరికే వస్తాయి. 2010లో రవీంద్ర జడేజా వేరే జట్టుతో నేరుగా మాట్లాడుకున్నందుకు ఒక సీజన్ నిషేధం అనుభవించాడు. 2025 నవంబరులో మాత్రం జట్ల మధ్య ట్రేడ్‌లో సంజు శాంసన్ చెన్నైకి, జడేజా, శామ్ కరన్ రాజస్థాన్‌కు మారారు. ట్రేడ్‌కు ఆటగాడి సమ్మతి తప్పనిసరి అన్న నిబంధన ఉంది. మీమాంసకులు కోరింది అక్కడ నెరవేరింది. వేలంలో అది సగమే నెరవేరింది. పేరు నమోదు చేసుకోవడం ఆటగాడి ఇష్టం, ఎవరు పాడుకుంటే వారికి ఆడటం మాత్రం అతని చేతిలో లేదు. ఢిల్లీ తీసుకున్నాక 2025లో తప్పుకున్న ఇంగ్లాండ్ ఆటగాడు హ్యారీ బ్రూక్ మీద రెండేళ్ల నిషేధం పడింది. మాట ఇచ్చి తప్పినవాడికి శిక్ష ఉండటం న్యాయమే. అయితే ఎవరికి ఇస్తున్నాడో తెలియకుండా ఇచ్చే మాటను అంత గట్టిగా బిగించడం న్యాయం కాదు. పేరు ఇచ్చేటప్పుడే ఫలానా జట్టుకు ఆడనని చెప్పుకునే వెసులుబాటు ఉండాలి. కోట్ల ధర పలికేవారికన్నా, కనీస ధరకు పేరిచ్చి ఎవరైనా పిలుస్తారా అని ఎదురుచూసే జిల్లాల కుర్రాళ్లకు అది ఎక్కువ అవసరం. ఐపీఎల్ వేలంలో ఆ వెసులుబాటు ఇంకా లేదు.