క్రొత్తబట్టలు ముందా, కంబళి ముందా?



డిసెంబరు నెల వచ్చినది. వరికోతలు ముగియుచున్నవి. ఇండ్లకు సున్నము వేయుచున్నాము. గుడిమీద నక్షత్రము వెలిగినది. పిల్లలు వాక్యములు కంఠస్థము చేయుచున్నారు. ఇది సంతోషించు కాలము. అయినను ఈ కాలములోనే అనేకుల ఇండ్లలో, రాత్రి పిల్లలు నిద్రపోయిన తరువాత, భార్యాభర్తలు మెల్లగా మాటలాడుకొను సంగతి ఒకటి కలదు: "ఈ పండుగ గడచుట ఎట్లు? ఎవరి నడుగుదము?"

ఒక ఇంటి సంగతి చెప్పుదును. ఊరు పేరు అక్కరలేదు. ఇట్టి ఇండ్లు ప్రతి సంఘములోను గలవు. ఇంటి యజమాని కూలిపని చేయువాడు. ముగ్గురు పిల్లలు. ఒక పండుగకు పదివేల రూపాయలు వడ్డీకి తెచ్చి ఇంటిల్లపాదికి బట్టలు కొనెను. క్రిస్మసు ఆరాధనలో వారందరు ముందు వరుసలో కూర్చుండిరి. అతని తల్లి మాత్రము రాలేదు. "అమ్మ ఏదయ్యా?" అని అడిగితిని. "దగ్గుతో పడుకున్నదండి, చలికి లేవలేకున్నది" అనెను.

ఆరాధన తరువాత వెళ్లి చూచితిని. ఆమె వసారాలో నులకమంచముమీద, పాతచీరెలతో కుట్టిన పలుచని బొంత కప్పుకొని ముడుచుకొనియుండెను. తలాపున క్రొత్తచీరె మడత విప్పకయే యున్నది. "నా కొడుకు కొన్నాడయ్యా, మంచోడు" అని ఆమె చెప్పెను.

అతడు మంచివాడే. ఆ మాటయే నన్ను మిక్కిలి ఆలోచింపజేసినది. త్రాగి డబ్బు పాడుచేయువాని తప్పు అందరికిని తెలియును. ఇక్కడనో ప్రేమగల కుమారుడు తల్లికి చీరె కొనెను గాని కంబళి కొనలేదు. ఏలయనగా చీరె గుడిలో కనబడును. కంబళి రాత్రి చీకటిలో కప్పుకొనునది. మంచి మనస్సు కలిగియుండియు మనము వెనుకటిదానిని ముందును, ముందుదానిని వెనుకను పెట్టుచున్నాము. పండుగ సొమ్ములో మొదటి పాలు ఎవరిది? ఇదే నేడు మనము విచారింపవలసిన ప్రశ్న.

దేవుని వాక్యము చలిని చిన్న సంగతిగా ఎంచలేదు. పొరుగువాని పైబట్టను కుదువగా తీసుకొనినయెడల ప్రొద్దు గ్రుంకకముందే తిరిగి ఇచ్చివేయవలెనని ధర్మశాస్త్రము ఆజ్ఞాపించుచున్నది. అదిలేక అతడు ఏమి కప్పుకొని పండుకొనునని దేవుడే అడుగుచున్నాడు (నిర్గమ 22:26, 27). అప్పిచ్చినవాని హక్కుకంటె బీదవాని రాత్రి నిద్ర గొప్పదని దీని భావము. అపొస్తలుడైన పౌలు చెరసాలలోనుండి తిమోతికి వ్రాయుచు, త్రోయలో కర్పునొద్ద విడిచిన అంగీని తెమ్మనియు, శీతకాలమునకు ముందే రమ్మనియు వేడుకొనెను (2 తిమోతి 4:13, 21). అంత గొప్ప భక్తుడు కూడ చలికి వణకినవాడే. సహాయము చలికి ముందే రావలెనని అడిగినవాడే. శీతకాలము వెళ్లిన తరువాత వచ్చు అంగీ ఎవరికి ప్రయోజనము?

ఇక అప్పు సంగతి. "అప్పు చేసి పప్పుకూడు" అను సామెత మనకందరికి తెలియును గాని లెక్క కొందరికే తెలియును. నూటికి మూడు రూపాయల వడ్డీకి పదివేలు తెచ్చినయెడల నెలకు 300 రూపాయలు. మరుసటి క్రిస్మసు నాటికి వడ్డీయే 3,600. అసలు అట్లే యుండును. మరియొక లెక్క చూడుడి. దినమునకు 10 రూపాయలు ప్రక్కన పెట్టినయెడల సంవత్సరమునకు 3,650 అగును. అనగా షావుకారుకు కట్టు వడ్డీతోనే ఒక చిన్న పండుగ జరుపుకొనవచ్చును. ఇప్పుడు గడపదాటి వెళ్లి అడుగవలసిన పనికూడ లేదు; చేతిలోని ఫోనులోనే అప్పు దొరకుచున్నది. సులభముగా దొరకిన అప్పు సులభముగా తీరునని తలంచకుడి.

కొందరు ఇట్లు అడుగుదురు: "అయ్యా, సంవత్సరమునకు ఒక్క పండుగ. ఆ దినమందైనను పిల్లలు నలుగురిలో చిన్నబుచ్చుకొనవలెనా? బేతనియలో మరియ మిక్కిలి విలువగల అత్తరు పోసినప్పుడు ప్రభువు ఆమెను మెచ్చుకొనెను గదా?" ఈ ప్రశ్న న్యాయమైనదే. మన దేవుడు పిసినారితనమును కోరువాడు కాడు. అయితే ఆ మరియ పోసినది తాను దాచియుంచిన అత్తరు. ఆమె దానిని మనుష్యుల కన్నులకొరకు పోయలేదు. ప్రేమ తనకు కలిగినదంతయు ఒలకబోయవచ్చును. రేపటి పిల్లల అన్నమును నేడే ఒలకబోయుట వేరు.

మరియొక మరియను చూడుడి. శిశువైన యేసును దేవాలయమునకు తెచ్చినప్పుడు ఆమెయు యోసేపును పక్షుల జత అర్పించు విధి చొప్పున వచ్చిరి (లూకా 2:24). అది గొఱ్ఱెపిల్లను తేలేని బీదరాలికి ధర్మశాస్త్రము నియమించిన అర్పణ (లేవీయ 12:8). లోకరక్షకుని తల్లి బీదల వరుసలో నిలిచెను. అందులో అవమానము లేదు, ఏలయనగా ఆ వరుసను ఏర్పరచినవాడు దేవుడే.

అయితే అప్పు చేసినవానినే నిందించుట న్యాయము కాదు. అతనిని ఆ అప్పునకు త్రోసినదెవరు? గుడిలో ఒకరి బట్టలు ఒకరు చూచుకొను మనమే. కానుకలిచ్చినవారి పేర్లను, మొత్తములను బిగ్గరగా చదువు మన పెద్దలే. పాటలు పాడుచు ఇంటింటికి వచ్చి ఫలహారము కొరకు కనిపెట్టు మన బృందమే. మంచి వస్త్రములు ధరించినవానికి మంచిచోటు చూపు సంఘమును యాకోబు గద్దించెను (యాకోబు 2:2-4). కావున ఈ సంవత్సరము మొత్తములు చదువుట మానుదము. పాటల బృందము ఏ ఇంటను ఏమియు కోరక, పాడి ప్రార్థించి సాగిపోవునట్లు తీర్మానించుదము. పిల్లలందరును ఉతికిన బట్టలతో వచ్చినను ప్రభువు పుట్టినదినము తగ్గిపోదు.

కుటుంబములకు కొన్ని సలహాలు వ్రాయుచున్నాను.

1. పండుగ సొమ్ము చేతికి రాగానే మొదట కప్పుకొను బట్టలను చూడుడి. ముసలివారికి, చంటిబిడ్డలకు, రోగులకు చాలినన్ని యున్నవా? లేనిచో అవి మొదట, తక్కినవి తరువాత. అంగడికి వెళ్లకముందే ఖర్చు కాగితముమీద వ్రాయుడి, పిల్లలను దగ్గర కూర్చుండబెట్టుకొని. ఉన్నంతలో చేయుదమని నిజము చెప్పినయెడల పిల్లలు అర్థము చేసికొందురు. పండుగ తరువాత ఇంటిలో జరుగు అప్పుల తగవులనే వారు భరింపలేరు.

2. చలికి రక్తనాళములు ముడుచుకొనును, రక్తపు పోటు పెరుగును. కావున పెద్దలు బి.పి. మాత్రలు మానకూడదు. ప్రొద్దెక్కకముందు వారిని మంచులోనికి తీసికొని వెళ్లకుడి. దగ్గు రెండు వారములు దాటినయెడల "చలి దగ్గే" అని ఊరకుండక ప్రభుత్వాసుపత్రిలో కళ్లె పరీక్ష చేయించుడి, అది ఉచితము.

3. పుట్టిన బిడ్డకు మొదటి దినమున స్నానము చేయింపకుడి. తలకు టోపీ పెట్టి, తల్లి రొమ్మున ఒంటికి ఒళ్లు తగులునట్లు ఉంచి కప్పుడి. తల్లి ఒంటికంటె మంచి కుంపటి లేదు.

4. నిప్పుల కుంపటిని మూసిన గదిలో పెట్టుకొని నిద్రింపకుడి. బొగ్గులనుండి వచ్చు కార్బన్ మోనాక్సైడు వాయువునకు రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే ప్రాణము తీయును. ఆదిలాబాదు వైపునను, లంబసింగి వంటి మన్యపు ఊళ్లలోను చలి ఎక్కువ గనుక అక్కడివారు మరి జాగ్రత్తగా నుండవలెను. గడ్డితో కట్టిన పశువులపాక బొమ్మలోను, కాగితపు నక్షత్రములోను క్రొవ్వొత్తి వెలిగింపకుడి.

5. జనవరి మొదటి తేదీనుండి పండుగ డబ్బీ ఒకటి పెట్టుడి. మిజోరాము క్రైస్తవ స్త్రీలు 1910 నుండి, వంటకు తీసిన బియ్యములో పిడికెడు దేవుని పనికై ప్రక్కన పెట్టుచు వచ్చిరి. మన ఊళ్లలోని తల్లులకును ఈ వాడుక తెలియనిది కాదు. పిడికెడు బియ్యమునకు అప్పుతో పనిలేదు. కుండలో పోయుటకు ఉన్న బియ్యములోనుండియే అది వచ్చును. మనకు కలిగినదానినిబట్టియే దేవుడు మన ఈవిని అంగీకరించును (2 కొరింథీ 8:12).

ఆ తల్లి సంగతి అడుగుదురేమో. నేను చెప్పినది విని ఆ కుమారుడు తల వంచుకొనెను. "కంబళి అడగనే లేదండి అమ్మ" అనెను. తల్లులు అడుగరు. అందుచేతనే మనము చూడవలెను. ఆ సాయంకాలమే అతడు తన పడకమీది రగ్గును తెచ్చి ఆమెకు కప్పెను. అందుకు ఒక్క రూపాయి ఖర్చు కాలేదు.

ప్రియులారా, ఈ పత్రికను మడిచిపెట్టిన తరువాత ఒక చిన్న పని చేయుడి. ఈ రాత్రి దీపము ఆర్పకముందు మీ ఇంటిలో ఒకసారి తిరిగి, ఎవరు ఏమి కప్పుకొని పండుకొన్నారో చూడుడి. వసారాలోనికి కూడ వెళ్లి చూడుడి. పశువులతొట్టిలో పండుకొన్న ప్రభువు మనయొద్ద అడుగు మొదటి పండుగ కానుక అక్కడ నుండవచ్చును. ఆయన కృప మీ కుటుంబములకు తోడైయుండును గాక. ఆమేన్.