మారిపోయారుట!

హెవీ మెటల్ అంటే వంటింటి అటక మీంచి గిన్నెలు దొర్లిన చప్పుడంటారు మా అత్తగారు. ఆవిడ మాట పూర్తిగా కొట్టిపారెయ్యలేను. కాని ఇంటర్ రోజులనుంచీ ఆ చప్పుడు వింటున్నదాన్ని, గిన్నెకీ గిన్నెకీ తేడా తెలుస్తుంది.

1981లో లాస్ ఏంజెలిస్‌లో మొదలైన మెటాలికా బృందాన్నే తీసుకోండి. వాళ్ళ తొలి పాటలు ఒకటే పరుగు. 1986 నాటి 'మాస్టర్ ఆఫ్ పపెట్స్' ఎనిమిదిన్నర నిమిషాల పాట. మధ్యలో ఆ వేగమంతా సద్దుమణిగి గిటార్ ఒక్కటే మెల్లగా పలుకుతుంది చూడండీ, అక్కడ నాకిప్పటికీ గొంతు పట్టేస్తుంది. 1991లో బాబ్ రాక్ అనే నిర్మాతతో కలిసి నల్ల అట్ట ఆల్బం చేశారు. వేగం తగ్గింది, పాటలు పొట్టివయ్యాయి. అమెరికాలోనే కోటిన్నరకి పైగా అమ్ముడుపోయింది. "పాటలు కాదు, వాళ్ళే అమ్ముడుపోయారు" అన్నారు పాత అభిమానులు. 1996 నాటికి జుట్టు కత్తిరించుకున్నారు. దానికీ రభసే! జుట్టు గురించి లోకం ఆడవాళ్ళనే అంటుందనుకునేదాన్ని.

2003 నాటి 'సెయింట్ యాంగర్' నాకు నచ్చలేదు. గిటార్ సోలోలు లేవు, డ్రమ్ము ఖాళీ డబ్బాలా మోగుతుంది. బాగాలేదనే అంటాను. కాని "మోసం చేశారు" అనాలంటే ముందు మా మధ్య ఒప్పందం ఏదో ఉండాలిగా? నా పాత క్యాసెట్టు నా దగ్గరే ఉంది. దాన్నెవరూ లాక్కుపోలేదు.

డబ్బు కోసమే మారారేమో అంటారా? కావచ్చు. 2008లో 'డెత్ మాగ్నెటిక్'తో మళ్ళీ పాత పోకడకి దగ్గరగా వచ్చారు. మావాళ్ళందరికీ సంబరం, నాకూనూ. అప్పుడు మాత్రం డబ్బు మాట ఎవరూ ఎత్తలేదు! పాతగా ఉండడం కూడా బేరమే కావచ్చు కదా?

పెళ్ళయి ఇరవై ఏళ్ళయిన ఇల్లాలిని "నువ్వు మునుపట్లా లేవు" అంటారు. మునుపు అంటే ఎప్పుడు? ఎదురుచెప్పకుండా కాఫీ అందించిన రోజులు. ఆ మునుపు ఎవరికి సుఖంగా ఉందో వాళ్ళకే అది మళ్ళీ కావాలి. నాకూ అంతే. ఆ పాత వేగం వింటే హాస్టల్ వరండాలో పదహారేళ్ళ నేను కనిపిస్తాను. దాన్ని తెచ్చిపెట్టడం వాళ్ళ పనా?

2011 అక్టోబరులో బెంగుళూరులో పాడేటప్పటికి గాయకుడు జేమ్స్ హెట్‌ఫీల్డ్‌కి 48 ఏళ్ళు. ఇరవై రెండేళ్ళప్పటి కోపం ఎక్కణ్ణుంచి తెస్తాడు?

నా మొదటి నవల నాయికలాంటి పిల్లని మళ్ళీ రాయమని పాఠకురాళ్ళు ఇప్పటికీ అడుగుతుంటారు. ఆ పిల్లకి పందొమ్మిదేళ్ళు. నాకు నలభై ఏడు.