నిగ్రహము - స్వేచ్ఛ

నిగ్రహము స్వేచ్ఛకు విరోధియా, ఆధారమా అను ప్రశ్న, కఠోపనిషత్తు శరీరమును రథముగను, బుద్ధిని సారథిగను, మనస్సును పగ్గముగను నిరూపించిన నాటినుండియు మన విచారణలో నిలిచియున్నది. 2024లో శ్రీవిజయపురమని నామాంతరము పొందిన పోర్ట్‌బ్లెయిరులో, వానకు తడిసిన కొండదారిని సైకిలుపై దిగువానికి ఇది కేవలము శాస్త్రచర్చ కాదు.

ద్రవపు ఒత్తిడితో పనిచేయు సైకిలు హైడ్రాలిక్ బ్రేకు గొట్టమును ఇంటివద్ద కురుచచేయు పని ఈ ప్రశ్నకు కొంత సమాధానము చెప్పును. హ్యాండిలు ఎటు తిరిగినను గొట్టము బిగదీసికొనకుండునంత నిడివి విడిచి, కొనను వంకరలేకుండ కోసి, నట్టును, క్రొత్త ఇత్తడి ఉంగరమును తొడిగి, లోపలికి చిన్న లోహనాళమును దిగగొట్టి బిగింపవలెను; ఒకమారు నలిగి గొట్టమును పట్టిన ఉంగరము మరల పనికిరాదు. మూసియున్న ద్రవముపై పడిన ఒత్తిడి అన్ని దిక్కులకు సమముగా ప్రసరించునని పాస్కల్ 17వ శతాబ్దమున నిరూపించెను; కాని గాలిబుడగ ఒక్కటి చొచ్చినచో వ్రేళ్ల బలము దానిని కుదించుటకే వ్యయమగును. దంభము చొరబడిన నియమమును అట్టిదే: పైకి శ్రమ కనబడును, లోన పట్టుండదు.

ఆగగలనను నమ్మిక గలవాడే నిర్భయముగ సాగును. కనుక నిగ్రహము స్వేచ్ఛకు ఆధారమే. అయినను బాహ్యనియమమే పరమావధి కాదు. 2018లో స్విట్జర్లాండులోని ఏగిల్ నగరమున జూనియర్ ప్రపంచ ట్రాక్ సైక్లింగ్ పోటీలలో కీరిన్ అను పందెమున రజతము గెలిచిన అండమాను యువకుడు ఎసో అల్బెన్ తొక్కునట్టి ట్రాక్ సైకిలుకు బ్రేకే యుండదు. కాళ్లే వేగమును శాసింపవలెను. నియమము సాధనచే స్వభావమగుటయే ధర్మమునకు పరిపాకము.