అమ్మేవారు ఎవరికి జవాబుదారి?

ఏ సరుకు ఎంత, ఎవరికి, ఏ ధరకు అందాలో బజారు కాక ప్రభుత్వం నిర్ణయించే ఏర్పాటును ప్రణాళికాబద్ధ ఆర్థిక వ్యవస్థ అంటారు. సోవియట్ యూనియన్, హంగరీ దానిని దాదాపు పూర్తిగా పాటించగా, 1951లో మొదటి పంచవర్ష ప్రణాళిక చేపట్టిన భారతదేశం ప్రైవేటు వ్యాపారాన్ని ఉంచుతూనే పాక్షికంగా పాటించింది. 1991 సంస్కరణలతో ఆ పద్ధతి చాలావరకు సడలినా, దాని ఛాయ చౌకధరల దుకాణంలో మిగిలింది. అక్కడ అమ్మేవారిని పనికి పురికొల్పేది ఏమిటన్న విషయంపై రాజోలులో ఒక రేషన్ డీలరుకూ విశ్రాంత అర్థశాస్త్ర అధ్యాపకునికీ మధ్య ఊహించిన సంవాదం ఇది.

డీలరు: నెల జీతమైతే శ్రద్ధ ఉండదనీ, కమీషన్ ఇస్తే అదే వస్తుందనీ అంటారు కదా, మాస్టారూ?

అధ్యాపకుడు: మీకు క్వింటాలుకు ఇంతని కమీషన్ ఉంది. మర్యాదగా మాట్లాడితే అది పెరుగుతుందా?

డీలరు: పెరగదండి. కార్డుకు ఎన్ని కిలోలో ముందే ఖాయం, ధర నా చేతిలో లేదు. నవ్వినా విసుక్కున్నా తూచేది అదే బియ్యం.

అధ్యాపకుడు: అంటే కమీషన్ బస్తాను కదిలించింది కాని ప్రవర్తనను కాదు. హంగరీ ఆర్థికవేత్త యానోష్ కోర్నాయ్ 1980లో వెలువడిన తన గ్రంథంలో వివరించిన కొరత ఆర్థిక వ్యవస్థలో, సరుకు చాలనందున కొనేవారే అమ్మేవారి వెంట తిరుగుతారు. అక్కడ జీతం చిన్నదైనా, ఎవరికి ముందు ఇవ్వాలో, ఎవరికి ‘స్టాకు లేదు’ అనాలో తేల్చే పెత్తనమే అసలు ప్రతిఫలమవుతుంది.

డీలరు: ఇప్పుడు కార్డుదారులు ఏ షాపులోనైనా తీసుకోవచ్చు, 2019 ఆగస్టు నుంచి ఆంధ్ర కార్డు తెలంగాణలోనూ చెల్లుతోంది. మనిషి పక్క షాపుకు వెళితే నా కమీషనూ వెళుతుంది.

అధ్యాపకుడు: కమీషన్ మునుపూ ఉన్నదే, కొనేవారికి విడిచిపోయే స్వేచ్ఛ వచ్చాకే అది ప్రవర్తనను తాకింది.

డీలరు: 2025 జూన్ నుంచి 65 ఏళ్ళు దాటినవారికీ దివ్యాంగులకూ ఇంటికే ఇవ్వాలన్నారు. వారు నన్ను విడిచి ఎక్కడికి వెళ్ళగలరు? అక్కడ నన్ను నిలబెట్టేది ఊళ్ళో నా పేరేనా?

అధ్యాపకుడు: పేరు నిలబెట్టవచ్చు, కాని దానినే నమ్ముకుంటే నిస్సహాయుల హక్కు డీలరు మంచితనానికి తాకట్టు పడుతుంది. వెళ్ళిపోగలవారికి పోటీ రక్షణ, వెళ్ళలేనివారికి తనిఖీ రక్షణ. మంచితనం ఈ రెండింటికీ తోడు కావాలి కాని వాటి స్థానాన్ని ఆక్రమించకూడదు.