ఎరుపు తేలింది, మచ్చ కూడా తేలింది



ఈ వారం వీడియోలో అంబరీషుడి కథ చెప్పుకున్నాం కదా. చివర్లో ఒక ప్రశ్న వదిలేశాను. ఒక మనిషికి అన్యాయం చేసినవాడు దేవుడి ముందు నిజంగా ఏడిస్తే, ఇక ఆ మనిషి దగ్గరికి వెళ్లక్కర్లేదా? టైమ్ లేదు, బ్లాగులో రాస్తాను అన్నాను. అసలు సంగతి ఏంటంటే, కెమెరా ముందు చెప్పే ధైర్యం లేకపోయింది. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మా మావయ్యకి ఒక ఎర్ర మారుతి 800 ఉంది. రిటైరయ్యాక విశాఖలో అపార్ట్‌మెంట్ వదిలేసి భీమునిపట్నంలో ఇల్లు కట్టుకున్నారు. ఇంటి నుంచి నాలుగు అడుగులేస్తే సముద్రం. మనుషులకి ఆ గాలి హాయి. కారుకి మాత్రం కాదు. ఎండ, ఉప్పుగాలి కలిసి ఆ ఎరుపుని నాలుగైదేళ్లలో వెలిసిన గులాబీ రంగు చేసేశాయి. చెయ్యి పెట్టి రాస్తే వేళ్లకి ఎర్రటి పొడి అంటుకునేది, సున్నం గోడని రాసుకున్నట్టు. ఆ మోడల్ తయారీ 2014లోనే ఆగిపోయింది కాబట్టి మావయ్య దాన్ని అమ్మనూ అమ్మరు, అలా చూడనూ లేరు. "ఒరేయ్, ఒక ఆదివారం రా, ఇద్దరం కలిసి పాలిష్ పెడదాం" అన్నారు. వెళ్లాను.

ఎరుపే ఎందుకు ముందు వెలుస్తుందో తెలుసా? ఒక వస్తువు ఎర్రగా కనిపిస్తోందంటే, వెలుతురులోని నీలం, ఆకుపచ్చ భాగాలని అది మింగేసి ఎరుపుని మాత్రమే వెనక్కి పంపుతోందని అర్థం. నీలం వైపు కాంతికి శక్తి ఎక్కువ. రోజూ దాన్ని మింగుతూ ఉంటే రంగు రేణువులు మెల్లగా చెడిపోతాయి. వాటిని పట్టి ఉంచే రెజిన్ కూడా అతినీలలోహిత కిరణాలకి విరిగిపోతుంది. ఇక మిగిలేది పైన ఆ పొడే. అన్ని ఎరుపులూ ఇలాగే వెలుస్తాయని కాదు. విశాఖ నుంచి భీమిలి వెళ్లే దారిలో ఎర్రమట్టి దిబ్బలు చూసే ఉంటారు. ఆ ఇసుక రేణువుల మీద ఉన్నది ఐరన్ ఆక్సైడ్ పూత. అది ఎండకి చెక్కుచెదరదు. కారు కంపెనీలు వాడే మెరిసే ఎరుపుల్లో చాలావాటికి ఆ ఓపిక లేదు.

పాలిష్ గురించి నేను అప్పటిదాకా తప్పుగా అనుకున్నాను. ఏదో రాస్తే రంగు వస్తుందనుకున్నాను. కాదట. పాలిష్‌లో సన్నటి గరుకు రేణువులుంటాయి. అవి పైన చచ్చిపోయిన పొరని గీకి తీసేస్తాయి. కింద ఉన్న పాత ఎరుపు బయటకొస్తుంది. అంటే కొత్తగా మనం పెట్టేది ఏమీ లేదు. ఉన్నదాంట్లోంచి కొంచెం పోగొట్టుకుంటాం, అంతే. కారు మీద పెయింట్ మొత్తం మందం నూరు, నూట యాభై మైక్రాన్లు ఉంటుంది, అంటే రెండు వెంట్రుకలంత. పాలిష్ పెట్టిన ప్రతిసారీ అందులోంచి కొంత పోతుంది. అందుకే ఊరికే రుద్దకూడదు, అంచుల దగ్గర అసలు గట్టిగా రుద్దకూడదు.

పొద్దున్నే కారుని షాంపూతో కడిగాం. అంచులకి, రబ్బరు బీడింగులకి మాస్కింగ్ టేప్ అంటించాం. ఎండలో చేస్తే కాంపౌండ్ ఎండి గీతలు పడతాయని నీడలోకి తోశాం. ముందు ఎక్కడో కనపడని చోట చిన్న ముక్క రుద్ది చూశారు మావయ్య. గుడ్డ ఎర్రగా అయింది. కొత్త కార్లకి రంగు మీద పారదర్శకమైన క్లియర్ కోట్ ఉంటుంది, వాటిని రుద్దితే గుడ్డకి రంగు రాదు. ఈ బండిది పాతకాలం సాలిడ్ రంగు, పైన ఏ పొరా లేదు. "గుడ్డకి ఎరుపు అంటిందంటే మంచిదేరా. పోయేది పోతోంది" అన్నారు.

మధ్యాహ్నానికి బానెట్, టాప్, కుడివైపు తలుపులు తళతళలాడాయి. కొన్ననాటి కారు చూసినట్టు మావయ్య మొహం వెలిగిపోయింది. తర్వాత ఎడమవైపు వెనక తలుపు దగ్గరికి వచ్చాం. చుట్టూ అంతా ముదురు ఎరుపు తేలుతుంటే, మధ్యలో జానెడు ముక్క మాత్రం ఇటుక రంగులో ఉండిపోయింది. ఎంత రుద్దినా అంతే. అంతకు ముందు కారంతా వెలిసిపోయి ఉండబట్టి ఆ ముక్క ఎవరికీ కనపడలేదు. ఒకప్పుడు అక్కడ టచప్ చేసిన పెయింటర్, అప్పటికే కాస్త వెలిసిన రంగుకి సరిపోయేలా కలిపి వేశాడు. అంటే ఆ అతుకు వెలిసిన రంగుతోనే కలిసిపోగలదు. అసలు ఎరుపు పక్కన నిలబడలేదు.

మావయ్య దాన్ని చూసి, "ఆఁ, ఇది ఆ వాచ్‌మన్ గీసేసిన చోటు కదూ" అన్నారు మామూలుగా.

నా చేతిలో గుడ్డ ఆగిపోయింది.

ఆ తలుపు గీసింది వాచ్‌మన్ కాదు, నేను. తొమ్మిదేళ్ల కిందట, ఇంజనీరింగ్ సెకండియర్‌లో, మావయ్యకి చెప్పకుండా తాళాలు తీసుకుని అపార్ట్‌మెంట్ గేటుకి రాసేశాను. సాయంత్రం మావయ్య చూసి కేకలేస్తుంటే, "వాచ్‌మన్ సైకిల్ అక్కడే ఉందిగా, దాంతో తగిలించి ఉంటాడు" అన్నాను. నోట్లోంచి ఒక్క మాట, అంతే. నలుగురూ పోగయ్యారు. ఆయన కాదంటుంటే ఎవరూ వినలేదు. పెయింట్ ఖర్చు 2,500 ఆయన జీతంలోంచి రెండు నెలలు కోశారు. కొన్నాళ్లకి ఆయన ఆ పని మానేసి వెళ్లిపోయారు.

నాకు బాధ లేకపోలేదు. ఆ తర్వాత వచ్చిన అక్షయ తృతీయకి సింహాచలం వెళ్లాను. మీకు తెలుసు, ఏడాది పొడవునా చందనంలో ఉండే వరాహ లక్ష్మీనృసింహస్వామి ఆ ఒక్కరోజే నిజరూపంలో దర్శనమిస్తారు. తర్వాత మళ్లీ నాలుగు విడతలుగా, విడతకి మూడు మణుగుల చొప్పున చందనం సమర్పిస్తారు. తెల్లవారుజాము నుంచి క్యూలో నిలబడ్డాను. స్వామి ముందు కళ్లనీళ్లు పెట్టుకుని, "తప్పు చేశాను, క్షమించు" అన్నాను. మనసు తేలికైంది. ప్రసాదం తీసుకుని కొండ దిగాను. అంతటితో అయిపోయిందనుకున్నాను. స్వామి తన నిజరూపం చూపించిన రోజున, నేను నా పూత తీయకుండానే ఆయన ముందు నిలబడి వచ్చానని తొమ్మిదేళ్ల దాకా తట్టలేదు.

భీమిలిలో ఆ రోజు మావయ్యకి మొత్తం చెప్పేశాను. ఆయన ఏమీ అనలేదు. చాలాసేపు ఆ తలుపు తుడుస్తూనే ఉన్నారు. తర్వాత అడిగారు, "ఆ మనిషికి చెప్పావా?"

"లేదు మావయ్యా."

"అబద్ధం నువ్వు చెప్పావు. నలుగురిలో తిట్టింది నేను కదరా. పద, నేనూ వస్తాను."

పాత అపార్ట్‌మెంట్‌లో ఒకరిని అడిగితే ఫోన్ నంబర్ దొరికింది. ఆయన ఇప్పుడు తగరపువలసలో ఒక షాపు దగ్గర నైట్ డ్యూటీ చేస్తున్నారు. మర్నాడు సాయంత్రం వెళ్లాం. మమ్మల్ని చూసి కుర్చీలోంచి లేచారు. "ఏటి బాబూ, ఇంత దూరం వచ్చేరు?" అన్నారు. నేను చెప్పడం మొదలుపెట్టాను. సగంలోనే ఆపేశారు.

"నాకు తెలుసు బాబూ. మీరు గేటుకి రాసినప్పుడు నేను మోటారు గదిలోంచి చూసేను."

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే ఎవులు నమ్ముతారు?"

డబ్బు ఇవ్వబోయాను. ఇన్నేళ్లయింది కదా అని పదివేలు పట్టుకెళ్లాను. ఆయన లెక్కపెట్టి 2,500 తీసుకుని మిగతాది నా చేతిలో పెట్టేశారు. మావయ్య చేతులు జోడించారు. అప్పుడు ఆయన అన్న మాట నాకు ఇంకా వినిపిస్తూనే ఉంది. "మీ ఇద్దరికీ తెలిసింది, బాగుంది. మిగతావోళ్లకి? ఆ రోజు మా ఇంటిదాని ముందు నన్ను దొంగలాగ నిలబెట్టేరు."

అక్కడ నాకు అర్థమైంది. తొమ్మిదేళ్లూ నేను నా మనసు తుడుచుకోవాలనే చూశాను. కానీ మచ్చ పడింది నా మనసు మీద ఒక్కటే కాదు. ఆయన పేరు మీద పడింది. నా మనసుని నేను ఎంత కడుక్కున్నా ఆయన పేరు శుభ్రం కాదు. ఆ రాత్రి పాత అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో జరిగింది జరిగినట్టు రాశాను, ఆయన పేరుతో, నా పేరుతో. ఆయన పేరు ఇక్కడ రాయట్లేదు, ఆయన వద్దన్నారు. అక్కడ రాయమన్నారు, రాశాను.

ఇప్పుడు అంబరీషుడి కథకి వద్దాం. భాగవతం నవమ స్కంధంలో ఉంది. ద్వాదశి పారణ సమయం దాటిపోతోందని అంబరీషుడు కాసిని నీళ్లు తాగితే, అతిథిగా వచ్చిన దుర్వాసుడు కోపంతో ఆయన మీదకి కృత్యని వదిలాడు. సుదర్శనం దాన్ని కాల్చేసి దుర్వాసుడి వెంటపడింది. ఆయన బ్రహ్మ దగ్గరికి పరిగెత్తాడు, శివుడి దగ్గరికి పరిగెత్తాడు, చివరికి వైకుంఠానికే వెళ్లి విష్ణువు కాళ్ల మీద పడ్డాడు. చక్రం ఎవరిది? ఆయనదే. ఒక్కమాట అంటే ఆగిపోతుంది. అయినా విష్ణువు ఆపలేదు. నువ్వు ఎవరికి అపకారం చేశావో ఆయన దగ్గరికే వెళ్లమని పంపించాడు.

దేవుడికి దయ లేక కాదు. ఆ క్షమాపణ దేవుడి చేతిలోది కాదు కాబట్టి. అవతలి మనిషికి చెందినదాన్ని దేవుడు కూడా ఆయన్ని అడక్కుండా ఇచ్చేయడు. అంబరీషుడు ఏడాదిపాటు అన్నం ముట్టకుండా దుర్వాసుడి కోసమే ఎదురు చూస్తున్నాడు. ఇది కూడా గుర్తుపెట్టుకోండి. మనం బాధపెట్టినవాళ్లు ఎక్కడో ఒకచోట ఆగిపోయి ఉంటారు.

మరి నేను సింహాచలం వెళ్లడం వృథానా? అలా అనను. దర్శనం నన్ను లోపలికి చూసుకోమంది. నేనే పైన మెరుపు చూసుకుని వచ్చేశాను. కారుకి వ్యాక్స్ కావాలి, తప్పులేదు. కానీ అది పాలిష్ అయ్యాక వేయాల్సింది. పొడి మీద వ్యాక్స్ రాస్తే నాలుగు రోజులు మెరుస్తుంది, అంతే.

ఇంకో సంగతి. గీత మూడో అధ్యాయంలో జ్ఞానం ఎలా కప్పబడి ఉంటుందో చెబుతూ, అద్దం మీద దుమ్ము పోలిక వస్తుంది. దుమ్ము తుడిస్తే అందమైన మొహం కనపడుతుందని మనం అనుకుంటాం. కానీ ముందు కనపడేది మన మొహం మీద ఉన్న మరకే. జపం, ధ్యానం మొదలుపెట్టిన చాలామంది, "ఇదివరకు హాయిగా ఉండేది, ఇప్పుడు నా తప్పులే గుర్తొస్తున్నాయి" అని నాతో అంటుంటారు. మానేద్దామనుకుంటారు. మానకండి. చుట్టూ ఎరుపు తేలుతోంది కాబట్టే అతుకు కనపడుతోంది.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. మన బరువు దించుకోవడానికి వెళ్లి అవతలివాళ్ల గాయం రేపడం కూడా జరుగుతుంది. అందుకే వెళ్లే ముందు ఒక్కటి అడగండి: నేను వెళ్తే ఎవరి బరువు తగ్గుతుంది? నాది ఒక్కటే అయితే ఆగండి. వాళ్ల డబ్బు, వాళ్ల పేరు, వాళ్ల మాట ఏదైనా తిరిగి ఇవ్వగలిగితే వెళ్లండి. ఆ మనిషి ఇప్పుడు లేకపోతే, ఎవరి ముందు వాళ్ల గురించి తప్పుగా చెప్పామో వాళ్ల ముందే సరిచేయండి. అది మన చేతుల్లోనే ఉంది.

మావయ్య ఆ తలుపుకి మళ్లీ పెయింట్ వేయించలేదు. నేను డబ్బిస్తానన్నా, "ఉండనీరా" అన్నారు. మూడు నెలలకోసారి వెళ్లి కారు కడిగి వ్యాక్స్ పెట్టి వస్తున్నాను. ఆ జానెడు ముక్క దగ్గరికి వచ్చినప్పుడు చెయ్యి ఇప్పటికీ కొంచెం నెమ్మదిస్తుంది.

ఈ వారం సాధన: రోజూ పూజ అయ్యాక రెండు నిమిషాలు కూర్చోండి. మీరు దేవుడికి చెప్పి, ఆ మనిషికి చెప్పకుండా వదిలేసింది ఏదైనా ఉందేమో చూసుకోండి. ఉంటే ఆదివారం లోపు ఒక్క ఫోన్ చేయండి.

వచ్చే వారం కలుద్దాం. నమో నారసింహాయ.