నెమలి ఎప్పుడు చిక్కింది?

 

మన తొట్లకొండకు ఊరి వైపున కంబాలకొండ అడవి ఉంది. అక్కడ చిరుతలున్నాయి, నెమళ్లూ ఉన్నాయి. అంత పింఛం మోసుకుంటూ, గుడ్లు కూడా నేల మీదే పెట్టే పక్షి ఎలా బతుకుతోంది? "దేవుడి వాహనం కదా" అంటారు కొందరు. కాదు. దాని చూపు, చెవి, గొంతు దాన్ని కాపాడుతున్నాయి.

నెమళ్లు గుంపుగా మేస్తాయి. ఒకటి తల వంచితే ఇంకోటి తలెత్తి చూస్తుంది. ప్రమాదం కనబడితే పెద్దగా అరుస్తుంది. ఆ కేక విని జింకలు కూడా జాగ్రత్తపడతాయి. ముందు పొదల్లోకి పరుగెడుతుంది, తప్పకపోతే ఎగురుతుంది. మగదానికి కాలి వెనక ముల్లు ఉంటుంది. పొద్దుగూకితే ఎత్తైన చెట్టెక్కి పడుకుంటుంది.

అశోకుడి వంటశాలలో రోజుకు రెండు నెమళ్లను చంపేవారు. ఇకపై వాటినీ చంపబోమని ఆయన మొదటి శిలాశాసనం చెబుతుంది. మన కర్నూలు జిల్లా ఎర్రగుడి బండ మీద కూడా అది ఉంది. 1972 వన్యప్రాణి చట్టమూ నెమలికి రక్షణ ఇచ్చింది. అయినా నెమలి కాపలా మానలేదు. మనకూ బాబాసాహెబ్ ఇచ్చిన రాజ్యాంగం ఉంది. అలాగని కళ్లు మూసుకుంటే ఎలా?

మోర జాతకంలో బోధిసత్తుడు బంగారు నెమలి. పొద్దున్నే మేతకెళ్లే ముందు, సాయంత్రం పడుకునే ముందు బుద్ధులను తలుచుకునేది. ఎందరో వేటగాళ్లు వచ్చినా చిక్కలేదు. చివరికి ఒకడు పెంపుడు ఆడనెమలిని తెచ్చి అరిపించాడు. ఆ పొద్దున నెమలి తలుచుకోవడం మరిచి పరుగెత్తింది. కాలు ఉచ్చులో పడింది. మంత్రం తప్పి చిక్కిందని చదవొద్దు. ఎరుక తప్పి చిక్కింది.

గాజువాక వైపు మా వాడలో ఒక తమ్ముడున్నాడు, కాంట్రాక్టు కూలీ. పంచశీల తీసుకుని ఏడాది మందు ముట్టలేదు. జీతం రోజున పాత స్నేహితుడు "ఒక్క గ్లాసేరా" అని పిలిచాడు. నెల తిరిగేసరికి కూతురి ఫీజు డబ్బులు కరిగిపోయాయి. తెలిసిన గొంతే కదా అతన్ని ఉచ్చులోకి పిలిచింది! ఆ రాత్రి నేను అటే వెళ్తూ చూశాను, మనకెందుకులే అని ఊరుకున్నాను. కేక వెయ్యాల్సినవాణ్ని నేనే.

కథలో నెమలి ధమ్మం చెబితే రాజు విని విడిచిపెట్టాడు. మా తమ్ముణ్ని విడిపించడానికి ఏ రాజూ రాడు. మనమే వెళ్లాలి. ఈ పౌర్ణమి వందనకు అతన్ని నేనే వెంటబెట్టుకొస్తాను. మీ వాడలో తల వంచినవాళ్లు ఎవరో మీరూ చూడండి.

భవతు సబ్బ మంగళం.