భయం ఎవరి ఖాతాలో?

అక్టోబరు 31 వచ్చేసరికి బెంగళూరులో ఈమధ్య కొత్త పండుగ ఒకటి కనిపిస్తోంది. అపార్టుమెంట్లలో పిల్లలు దయ్యాల ముసుగులు తగిలించుకొని ఇంటింటికీ తిరిగి చాక్లెట్లు అడుగుతారు. హాలోవీన్ అంటారు. నవంబరు 1 క్రైస్తవులకు సకల సాధువుల పండుగ. దాని ముందు రాత్రి ఇది. కోతలు ముగిసి చలికాలం మొదలయ్యే ఆ రాత్రి చనిపోయినవారు మళ్లీ ఇళ్లవైపు వస్తారని ఐర్లండు పల్లెల్లో పాత నమ్మకం. ఇది మనకు అర్థంకాని సంగతేమీ కాదు. మహాలయ అమావాస్యనాడు మన ఇళ్లలోనూ పెద్దలకు బట్టలు పెట్టి, వాళ్లు బతికుండగా ఇష్టపడిన వంటలు చేసి, ఆకు వేసి వడ్డిస్తాం. తేడా ఏమిటంటే, మనం వాళ్లను రమ్మని పిలుస్తాం. అక్కడివాళ్లు ముసుగు వేసుకొని వాళ్లను ఆట పట్టిస్తారు.

ఈ సందర్భంలో దయ్యం కథల జాబితాలు వేయడం పత్రికలకు ఆనవాయితీ. మన సాహిత్య మిత్రులు కొందరు నన్నూ అడిగారు, ఈ నెలలో చదవదగ్గ దయ్యం కథలేవో చెప్పమని. జాబితా చెప్పడం పెద్ద పనికాదు. అంతకు ముందు తేల్చుకోవలసిన ప్రశ్న ఒకటుంది. దయ్యాలు లేవని నమ్మే మనిషి, దయ్యం కథ చదవమని మరొకరికి చెప్పవచ్చునా?

ఈ ప్రశ్న గౌరిబిదనూరువాళ్లకు కొంచెం బరువైనదే. డాక్టర్ హెచ్. నరసింహయ్యగారు మన తాలూకా హోసూరులో 1920లో పుట్టారు. చదువుకోసం బెంగళూరుకు కాలినడకన వెళ్లిన ఆ పేద పిల్లవాడు భౌతికశాస్త్ర ఆచార్యుడై, నేషనల్ కాలేజీ ప్రిన్సిపాలై, బెంగళూరు విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్ అయ్యారు. ఆ పదవిలో ఉండగా 1976లో మహిమలనూ మూఢనమ్మకాలనూ పరిశీలించడానికి ఒక సంఘం వేశారు. విభూతి తీసే బాబాలైనా, పూనకం వచ్చే పూజారులైనా ఆయన అడిగింది ఒకటే: పరీక్షకు నిలబడతారా? 2005లో కన్నుమూసేదాకా ఆ ప్రశ్న మానలేదు. ఇక భూమి లోపలి కంపనాలను పట్టి దూరదేశాల భూగర్భ అణుపరీక్షలను కూడా వినగల యంత్రాలు 1965 నుంచీ, ఆకాశంనుంచి వచ్చే రేడియో తరంగాలను పట్టే దూరదర్శిని 1976 నుంచీ మన ఊరి పక్కనే ఉన్నాయి. కిందా పైనా ఇంతగా చెవి ఒగ్గి విన్న ఊరిలో దయ్యం అడుగుల చప్పుడు మాత్రం ఏ యంత్రానికీ అందలేదు.

అయినా నమ్మకం పోలేదు. జబ్బుచేసిన ఆడపిల్లకు గాలి సోకిందని వేపకొమ్మలతో కొట్టించడం, మంత్రగత్తె అని ముసలామెను ఊరినుంచి వెలివేయడం కథల్లో జరిగేవి కావు. చట్టమే చేయవలసి వచ్చింది. కర్ణాటకలో అమానుష దుష్టాచారాలనూ చేతబడినీ నిషేధించే చట్టం 2017లో ఆమోదం పొంది 2020 జనవరినుంచి అమలులోకి వచ్చింది. ఇలాంటి నేలమీద నిలబడి "హాయిగా దయ్యం కథలు చదువుకోండి" అని చెప్పేముందు ఎవరైనా ఒక క్షణం ఆగవలసిందే.

తెలుగులో ఈ వాదం ఒకసారి గట్టిగానే జరిగింది. 1980 దశకం తొలినాళ్లలో యండమూరి వీరేంద్రనాథ్ 'తులసిదళం' వారంవారం వస్తుంటే పాఠకులు పత్రికకోసం కాచుకొని కూర్చున్నారు. ఆస్తికోసం ఒక పసిపాప మీద ప్రయోగించిన క్షుద్రవిద్య ఆ నవల ఇతివృత్తం. రచయిత చార్టర్డ్ అకౌంటెంటు. వాణిజ్యం చదివినవాడికి తెలుస్తుంది, అందులో మంత్రగాడికన్నా బలమైన పాత్ర డబ్బుదేనని. నవల కన్నడిగులకూ చేరింది, సినిమాలూ వచ్చాయి. రంగనాయకమ్మగారు మాత్రం దానిని తీవ్రంగా విమర్శిస్తూ పుస్తకమే రాశారు. చేతబడి నిజమేమో అన్న అనుమానాన్ని లక్షలమందిలో నాటడం రచయిత చేయదగిన పనేనా అన్నది ఆ విమర్శ సారాంశం.

దీనికి సాధారణంగా ఇచ్చే జవాబు ఒకటుంది. కథ వేరు, నమ్మకం వేరు. హరిశ్చంద్ర నాటకంలో కాటిసీను చూసి ఏడ్చినవాడు లోహితాస్యుడి అంత్యక్రియలకు చందా ఇవ్వడు. లేనివాళ్లకోసం ఏడవడం తప్పు కానప్పుడు, లేనివాటికి కాసేపు భయపడటం తప్పెలా అవుతుంది? కథ చెప్పేవాడికీ వినేవాడికీ ఇద్దరికీ అబద్ధమని తెలిసి ఒప్పుకున్న అబద్ధం కథ. ఒకరికి మాత్రమే తెలిసిన అబద్ధం మోసం.

జవాబు బాగానే ఉంది. కానీ చాలదు. ఎందుకంటే కథ ఎప్పుడూ పుస్తకంలోనే ఉండిపోదు. కొన్ని కథలు లేచి వీధుల్లోకి వస్తాయి. మనవాళ్లకు దీనికి వేరే సాక్ష్యం అక్కరలేదు. 1990 దశకంలో బెంగళూరులోనూ చుట్టుపక్కల ఊళ్లలోనూ ఇళ్ల తలుపుల మీద, గోడల మీద "నాళె బా" అని రాసుకున్న రోజులు యాభై దాటినవారందరికీ గుర్తే. రాత్రివేళ ఒక ఆడదయ్యం వచ్చి, ఇంట్లోవాళ్లకు తెలిసిన గొంతుతో, అమ్మలాగానో భార్యలాగానో పిలుస్తుందట. తలుపు తీస్తే ప్రాణం పోతుందట. రేపు రమ్మని రాసిపెడితే చదువుకొని వెనక్కి పోతుంది. మరునాడు వస్తుంది; మళ్లీ అదే రాత; మళ్లీ పోతుంది. ఆంధ్ర వైపు ఇదే "ఓ స్త్రీ రేపు రా" అయింది. చాలా ఏళ్ల తర్వాత 2018లో ఇదే కథను మధ్యప్రదేశ్‌లోని చందేరి ఊరికి తరలించి 'స్త్రీ' అని హిందీలో సినిమా తీస్తే దేశమంతా నవ్వుతూ చూసింది.

మనది ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం అయిన సీమ. దయ్యానికి ఏ భాష వచ్చో తెలియక రెండు భాషల్లోనూ రాసిపెట్టిన ఇల్లు ఒకటి మా వీధిలో ఉండేది. అప్పట్లో అందరం నవ్వుకున్నాం. కానీ ఆ రోజుల్లోనే మా పక్క వీధిలో ఒకావిడ రాత్రి పదకొండు గంటలవేళ, బిడ్డకు ఒళ్లు కాలిపోతోంది ఎవరైనా రండని తలుపులు తట్టింది. మూడిళ్లవాళ్లు మేలుకొని ఉండికూడా తలుపు తీయలేదు. నాలుగో ఇంటి ముసలమ్మ తీసింది. ఆమెకు చదువు రాదు. తన తలుపు మీద మనవడు సుద్దముక్కతో రాసిన రాత ఆమెకు ఉత్త గీతలే. "ఎవరమ్మా, లోపలికి రా" అంది.

చదువు వచ్చిన మూడు ఇళ్లు మూసి ఉండి, చదువు రాని ఒక్క ఇల్లు తెరుచుకోవడం గురించి నేను తరచు ఆలోచిస్తూ వచ్చాను. దయ్యం లేదు. భయం ఉంది. లేని దయ్యం ఎవరినీ చంపలేదుగానీ ఉన్న భయం ఒక తల్లిని వీధిలో నిలబెట్టింది. లెక్కలు రాసే వృత్తి కనుక నాకు ఈ సంగతి ఇలా తోస్తుంది: ఖర్చు జరిగితే అది ఎవరో ఒకరి ఖాతాలో పడితీరాలి. ప్రతి దయ్యం కథా కొంత భయాన్ని పుట్టిస్తుంది. ఆ భయం చివరికి ఎవరి ఖాతాలో పడుతోంది? "నాళె బా" కథలో అది చీకట్లో ఒంటరిగా నడిచే ఆడమనిషి ఖాతాలో పడింది. చేతబడి కథల్లో చాలావాటిలో అది దిక్కులేని ముసలివాళ్ల ఖాతాలో, పిల్లలు కలగని స్త్రీల ఖాతాలో, ఊరికి కొత్తగా వచ్చినవాడి ఖాతాలో పడుతుంది. బలహీనుడి పేరున అప్పు రాసి, చదివేవాడు వినోదం జమ వేసుకుంటాడు. నా అభిప్రాయంలో దయ్యం కథకు పరీక్ష, దయ్యం ఉన్నదా లేదా అన్నది కాదు, ఇదీ.

ఈ గీటురాయి మీద గీసి చూస్తే మేలిమి కథలు తేలికగానే తెలుస్తాయి.

మొదట చెప్పవలసింది మన బేతాళుడినే. పదకొండో శతాబ్దంలో కాశ్మీరంలో సోమదేవుడు రాసిన కథాసరిత్సాగరంలో బేతాళుడు చెప్పిన ఇరవై అయిదు కథలున్నాయి. 1947 జులైలో మొదలైన 'చందమామ' ఆ చట్రాన్ని తీసుకొని దశాబ్దాలపాటు కొత్త కథలు అల్లించింది. చెట్టుమీది శవాన్ని భుజాన వేసుకొని శ్మశానంలో నడిచే విక్రమార్కుడిని శంకర్ గీసిన బొమ్మ చూడకుండా పెరిగిన తెలుగు పిల్లలు మా తరంలో తక్కువ. గమనించండి, ఆ శవం ఎవరినీ పీక్కుతినదు. ప్రశ్న అడుగుతుంది. జవాబు తెలిసీ చెప్పకపోతే తల పగులుతుంది. అంటే ఇక్కడ భయం పడేది రాజు ఖాతాలో. న్యాయం తెలిసీ నోరు మూసుకునే అధికారం ఉన్నవాడి ఖాతాలో.

ఆ ఇరవై అయిదింటిలో మదనసేన కథ ఒకటుంది. ఒక యువకుడి బలవంతం తప్పించుకోవడానికి, పెళ్లయ్యాక ముందు నీ దగ్గరికే వస్తానని ఆ అమ్మాయి మాట ఇస్తుంది. పెళ్లి రాత్రి భర్తకు ఉన్నది ఉన్నట్టు చెబుతుంది, అతడు వెళ్లమంటాడు. దారిలో దొంగ అడ్డుపడతాడు, తిరిగి వస్తానని అతడికీ మాట ఇస్తుంది, అతడూ వదులుతాడు. మాట ఇచ్చిన యువకుడు ఆమె నిజాయితీ చూసి తాకకుండా పంపేస్తాడు. అన్నమాట ప్రకారం ఆమె దొంగ దగ్గరికి తిరిగి వస్తుంది. నగలు ముట్టకుండా అతడే ఇంటిదాకా దిగబెడతాడు. ముగ్గురిలో ఎవరు గొప్ప అని బేతాళుడు అడిగితే, దొంగ అంటాడు రాజు. చీకట్లో, ఎవరూ చూడనిచోట, ఏ కారణమూ లేకుండా మంచిగా ఉన్నది అతడొక్కడే కనుక. రాత్రిపూట ఒంటరిగా నడిచే స్త్రీని దయ్యంగా చూసిన కథ మనది. అదే స్త్రీని మాట తప్పని మనిషిగా చూసిన కథ వెయ్యేళ్లనాటిది.

ఇంగ్లీషులో డికెన్స్ 1843లో రాసిన 'క్రిస్మస్ కారల్' ప్రతి బ్యాంకు ఉద్యోగీ చదవవలసిన దయ్యం కథ. పిసినారి స్క్రూజి దగ్గరికి ఏడేళ్ల కిందట చనిపోయిన భాగస్వామి మార్లీ వస్తాడు. అతడి నడుముకు గొలుసు. ఆ గొలుసుకు కట్టినవి కపాలాలు కావు. తాళంచెవులు, డబ్బుపెట్టెలు, లెడ్జర్లు, దస్తావేజులు. భయం పడేది ఇవ్వగలిగీ ఇవ్వనివాడి ఖాతాలో. ఠాగూరు 1898లో రాసిన 'మణిహార' ఇంకొకటి. వ్యాపారం దెబ్బతిన్న భర్త భార్య నగలమీద అప్పు తేవాలనుకుంటాడు. నగలే ప్రాణమైన ఆమె వాటితోసహా వెళ్లిపోతుంది. చివరికి నగలు పెట్టుకున్న అస్థిపంజరం రాత్రివేళ మెట్లెక్కి వస్తుంది. బంగారం తాకట్టుపెట్టడానికి వచ్చే దంపతుల ముఖాలు చూసినవాడికి ఈ కథ దయ్యం కథలా అనిపించదు. సత్యజిత్ రాయ్ 1961లో 'తీన్ కన్య'లో దీన్ని సినిమాగా తీశారు.

అదే 1898లో హెన్రీ జేమ్స్ 'ది టర్న్ ఆఫ్ ది స్క్రూ' వచ్చింది. ఇద్దరు పిల్లలను చూసుకోవడానికి వచ్చిన పంతులమ్మకు దయ్యాలు కనబడతాయి. మరొకరెవరూ చూశామని ఒప్పుకోరు. దయ్యాలనుంచి పిల్లవాడిని కాపాడే పట్టుదలలో ఆమె చేతుల్లోనే పిల్లవాడు ప్రాణం విడుస్తాడు. చంపింది దయ్యమా, దయ్యం ఉందన్న ఆమె నమ్మకమా? రచయిత చెప్పడు. 'తులసిదళం'లోనూ ఉన్నది పసిప్రాణమే. రెండూ పక్కపక్కన పెట్టి చదివితే, రంగనాయకమ్మగారి అభ్యంతరం ఎక్కడ తగులుతుందో ఎక్కడ తగలదో పాఠకుడికే తెలుస్తుంది. అందుకని 'తులసిదళం' చదవవద్దని నేను చెప్పను. విమర్శతో కలిపి చదవమంటాను.

కనుక మొదటి ప్రశ్నకు నా జవాబు: చెప్పవచ్చు. నరసింహయ్యగారు అడగమన్న ప్రశ్నలకూ బేతాళుడు అడిగే ప్రశ్నలకూ వైరం లేదు. ప్రశ్న అడగకుండా భయపెట్టే కథతోనే మనకు పేచీ. పిల్లలకు దయ్యం కథ చెప్పండి; చెప్పాక, "ఆ దయ్యం ఎందుకు వచ్చింది, దానికి ఎవరు ఏం బాకీ ఉన్నారు?" అని వాళ్లను అడగండి. దయ్యం అంటే చాలా కథల్లో తీరని బాకీయే.

అలాంటి బాకీలు మా వృత్తిలోనూ ఉన్నాయి. ఖాతాదారు చనిపోయి, అడిగేవారు లేక పదేళ్లు కదలని డిపాజిట్లు 2014నుంచి రిజర్వు బ్యాంకు నిధికి వెళుతున్నాయి. వారసులు ఆ తర్వాత వచ్చినా ఇవ్వవలసిందే, హక్కు చావదు. కానీ అక్కడిదాకా పోనివ్వడమెందుకు? మరణ ధ్రువపత్రం చెంగున కట్టుకొని, పల్లెనుంచి రెండు బస్సులు మారి వచ్చిన ఆడమనిషి ఎక్కడో ఒక కిటికీ ముందు నిలబడే ఉంటుంది. ఆ కిటికీ బ్యాంకుది కావచ్చు, తాలూకా ఆఫీసుది కావచ్చు, పింఛను ఆఫీసుది కావచ్చు. లోపలినుంచి వినబడే మాట "నాళె బా". ఆమె నమ్మి వెళ్లిపోతుంది. మరునాడు వస్తుంది.

తలుపు మీద రాత చెరిపేసి ముప్పై ఏళ్లు కావస్తోంది. ఈ రాత ఇంకా ఉంది.